ఎన్ని డిగ్రీలకి మోగాలి

మా ఇంట్లో ఎవరూ అసలు మాట మొదటిసారే చెప్పరు. అబద్ధమాడాలని కాదు, అదొక అలవాటు. గుంటూరులో మాది కిరాణా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, మధ్యలో గోనెపట్టా ఒకటి వేలాడుతూ ఉండేది. కొట్లో మాట్లాడే తీరు ఆ పట్టా కిందనుంచి ఇంట్లోకి కూడా వచ్చేసింది. పన్నెండింటికి బస్సయితే నాన్న పదకొండున్నర అని చెప్పేవాడు. ఆయన అరగంట ముందు చెప్తాడని మాకు తెలుసు గనక మేం పన్నెండుకే తయారయ్యేవాళ్లం. మేమలా తీసేస్తామని ఆయనకి తెలిసిపోయి, మరుసటిసారి పదకొండు అనేవాడు.

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అమ్మ డాక్టరు గారితో నూట మూడుందని చెప్పింది. ఉన్నది నూటొకటి. ఆయన కూడా మా బజార్లో బట్టల కొట్టువాళ్ల అబ్బాయే. మారు మాట్లాడకుండా చీటీ మీద నూటొకటని రాసుకుని మందిచ్చి పంపాడు. ఇద్దరిలో ఎవరికీ కోపం రాలేదు. బేరం సజావుగా తెగిందనే అనుకున్నారు.

అలాంటి ఇంట్లో పెరిగిన దాన్ని పిలిచి డిగ్రీల వ్యవహారం అప్పగించడం మా షావుకారు గారు చేసిన పొరపాటు.

ఆయన నాన్నకి తెలిసినాయన. పెదకాకాని దాటాక రోడ్డు పక్కన ఆయనకి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉండేది. నేను బీకాం అయ్యాక ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి, అక్కడ ఆఫీసు పనికి చేరాను. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. నాలుగు చాంబర్లు. ఒక్కొక్కటి మూడంతస్తుల మేడంత ఎత్తు, కిటికీ అన్నది లేదు. లోపల చెక్క పలకలతో అరలు, అరల నిండా టిక్కీలు. టిక్కీలంటే మిర్చి కుక్కి కుట్టిన గోతాలు. చాంబరుకి రెండు తలుపులు. నేలమీద ఒకటి, బయట మెట్లెక్కి వెళ్తే పైన ఇంకొకటి. పక్కన షెడ్డులో కంప్రెసర్లు. వాటి దగ్గర ఒక పెద్దాయన.

ఆయన్ని అందరూ సాయిబు గారు అనేవాళ్లు. నేను బాబాయ్ అనేదాన్ని. ఇరవై ఏళ్లకి పైగా ఆ కంప్రెసర్లు ఆయన చేతిలోనే ఉన్నాయి. గంటగంటకీ చాంబర్ల చల్లదనం చూసి లాగ్ బుక్కులో రాయడం కూడా ఆయన పనే. తలుపు పక్కన గోడకి ఉన్న థర్మామీటరు చూసి, ఇంతని వేసి, పక్కన సంతకం. ఆ బుక్కులో నాకు గుర్తున్నంతవరకు ఒకటే అంకె. అయిదు. కింద అయిదు. దాని కింద అయిదు.

ఈ మిషను రావడానికి ముందటేడాది మూడో చాంబర్లో పై వరసల కాయ రంగు దిగిపోయింది. నిగనిగలాడుతూ లోపలికి వెళ్లిన కాయ పాలిపోయి బయటికొచ్చింది. టిక్కీలు విప్పి చూసుకున్న రైతుల్లో ఎవరూ అరవలేదు. ఒంగోలు వైపునుంచి వచ్చిన ఒకాయన మాత్రం దోసెడు కాయలు తెచ్చి షావుకారు గారి బల్ల మీద పోసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆ కాయల్ని షావుకారు గారు నెలరోజులు తీయనివ్వలేదు. ఆ నెల అయ్యాకే హైదరాబాదులో ఎవరో ఒక మిషను అమ్ముతున్నారని తెలుసుకుని కబురు పెట్టారు.

వచ్చిన ఇంజనీరు మెత్తని మనిషి. చాంబర్లలో సెన్సర్లు పెడతాడట. అవి చల్లదనం చూసి ఆఫీసులో కంప్యూటరుకి చెప్తాయి. తేడా వస్తే కంప్యూటరు మన సెల్ ఫోనుకి మెసేజి పంపుతుంది. చాంబరుకి ఒక సెన్సరని రాసుకొచ్చాడు. నేను మూడు అడిగాను. మూడెందుకో నాకు తెలీదు. రెండు కావాలంటే మూడు అడగాలి, అంతే.

“ఒకటి చాలు మేడమ్.”

“ఒకటయితే మీరెందుకండీ, మా గోడకి ఉన్న థర్మామీటరు చాలదూ?”

రెండుకి కుదిరింది. కింద ఒకటి, పైన ఒకటి. ఆ రెండో దానికి నేను పడ్డ సంబరంలో దాన్ని ఎక్కడ వేలాడదీశారో కూడా చూడలేదు.

సెన్సర్లు బిగించిన మర్నాడు పొద్దున ఆఫీసుకెళ్లి కంప్యూటరు తెరిచేసరికి తెరమీద గీతలున్నాయి. మూడో చాంబరు ముందురోజు మధ్యాహ్నం నుంచి ఎలా ఉందో రెండు గీతలు. కిందది నీలం, పైది ఎరుపు. మొదట అవి పిల్లలు పలక మీద గీసిన కొండల్లా కనిపించాయి. లారీల రాకపోకలు రాసే గేటు పుస్తకం ఊరికే తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఒక్కో కొండనీ దానితో సరిచూశాను.

మూడున్నరకి లారీ వచ్చింది, ఇక్కడ గీత లేచింది. నాలుగుంబావుకి దింపుడు అయిపోయింది, ఇక్కడినుంచి దిగింది. అయిదింటికి కరెంటు పోయింది, ఇదుగో ఇక్కడ నిలబడిపోయింది. కరెంటు వచ్చింది, మళ్లీ దిగడం మొదలెట్టింది. పొద్దున హమాలీల ముఠా వచ్చి తలుపు తీసింది కూడా ఉంది. ఒక్క మనిషి కూడా కనపడడు, కానీ అందరూ అందులో ఉన్నారు. గుమ్మం దాటిన ప్రతివాడి అడుగు ఆ గది తన ఒంటి మీద గుర్తు పెట్టుకుంది. కిటికీ లేని ఆ చీకటి గది ఇన్నేళ్లూ ఇలా ఊపిరి పీలుస్తూ వదులుతూ ఉందని, దాని పక్కన బల్ల వేసుకుని కూర్చున్న నాకు తెలీదు. షావుకారు గారి ఫోనొచ్చినా ఎత్తకుండా చూస్తూ కూర్చున్నాను.

ఒక్కటి మాత్రం లెక్కకి దొరకలేదు. నేను చూస్తుండగానే పదకొండు దాటాక చిన్న బుడిపె లేచింది. ఆ వేళకి గేటు పుస్తకంలో లారీ లేదు. మర్నాడూ అదే వేళకి అదే బుడిపె. మూడో రోజు పదకొండింటికి వెళ్లి చూశాను. పక్క రేకుల షెడ్డులో మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్లు ఇరవైమంది దాకా చాంబరు కింది తలుపు ముందు గుంపుగా నిలబడి ఉన్నారు. బాబాయ్ తలుపు జానెడు తెరిచి పట్టుకున్నాడు. మే నెల ఎండ. చేతులు మిర్చి ఘాటుకి మండుతుంటే వాళ్లు అరచేతులు ఆ సందులోకి పెట్టి నిలబడ్డారు. 

నన్ను చూసి బాబాయ్, “అయిదు నిమిషాలమ్మా. కాయకేం కాదు,” అన్నాడు.

నేను నా చేతులు కూడా పెట్టి వచ్చేశాను.

ఇంజనీరు వెళ్లేముందు మెసేజి ఎప్పుడు పంపాలో కంప్యూటరుకి చెప్పే గడులు చూపించాడు. ఎంత దాటితే? ఎంతసేపు దాటితే? ఎవరికి? వాళ్లు పలక్కపోతే ఇంకెవరికి? నాలుగే గడులు. నాలుగు చాంబర్ల సరుకు, ఊళ్లకి ఊళ్ల పంట, ఆ నాలుగు గడుల్లో నేను వేసే అంకెల మీద ఉంటుందన్నాడు. 

“ఎంత వేయమంటారు?” అన్నాడు.

“కనుక్కుని చెప్తాను,” అన్నాను.

కనుక్కోవడం ఇలా జరిగింది. బాబాయ్‌ని అడిగితే ఏడు అన్నాడు. ఆయన తన పీకల మీదికి రాకుండా ఒకటి కలిపి చెప్పుంటాడు, అసలు ఆరే అయ్యుంటుందని నేననుకున్నాను. షావుకారు గారికి ఆరు అని చెప్తే ఆయన ఎటూ కొంత సడలిస్తారు గనక అయిదున్నర అని చెప్పాను. ఆయన నావైపు ఓరగా చూసి, “మీ నాన్న కూతురివి. నువ్వు అయిదున్నర అన్నావంటే లోపల ఇంకేదో అనుకున్నావు. అయిదు పెట్టు,” అన్నారు.

అయిదు పెట్టాం. చాంబరు మామూలుగా ఉండేదే అయిదు దగ్గర.

మర్నాడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా షావుకారు గారిదీ, బాబాయ్‌దీ, నాదీ మూడు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. షావుకారు గారు ఆ పూట మిర్చి యార్డులో ఉన్నారు. అక్కడ పెద్ద బేరాలు నోటితో చెప్పుకోరు. తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. ఈయన చెయ్యి తువ్వాలు కింద ఉండగా జేబులో ఫోను వణికింది. ఆ ఉలికిపాటుని అవతలాయన ఇంకో వేలు అనుకున్నాడు. షావుకారు గారు ఆఫీసుకొచ్చి ఫోను తీసి నా బల్ల మీద పెట్టారు.

“దీన్ని చంపుతావా, నన్ను చంపమంటావా?”

“తీసేయొద్దండి, పెంచుదాం. ఎనిమిది.”

“పన్నెండు.”

“తొమ్మిది.”

“పది. దాటగానే కాదు, దాటి గంట అయితేనే.”

“రెండు గంటలు పెడతాను, కానీ పది మీద ఇంక పెంచను.”

ఆ రెండు గంటలు ఆయన అడగలేదు. బేరంలో ఊరికే ఇచ్చేశాను, పది దగ్గర ఆగుతారని. ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. మిరపకాయ తరఫున ఒక్క మనిషీ లేని బేరం అది.

తర్వాత వారం రోజులు ఒక్క మెసేజీ రాలేదు. హాయిగా ఉంది. ఆ నిశ్శబ్దం చూసి మిషను బాగా కుదిరిందని పక్క కోల్డ్ స్టోరేజీ వాళ్లకి కూడా చెప్పాను.

ఈలోగా షావుకారు గారు తెరమీద గీతలు చూడడం నేర్చుకున్నారు. ఒక బుధవారం లాగ్ బుక్కు తెప్పించి కంప్యూటరు పక్కన పెట్టుకున్నారు. తెరమీద ఎర్రగీత ఏడు, ఎనిమిది, ఒక్కోసారి తొమ్మిది దాకా వెళ్లొస్తోంది. బుక్కులో అయిదు, అయిదు, అయిదు. పేజీ తిప్పారు. అయిదు. ఇంకో పేజీ. ఆయన ముఖం చూస్తే ఆ బల్ల మీది పాలిపోయిన కాయలు మళ్లీ కళ్లముందుకొచ్చినట్టున్నాయి.

బాబాయ్‌ని పిలిపించారు.

“సాయిబు గారూ, కిందటేడు కాయ పోయినప్పుడు బుక్కు చూపించి మన తప్పేం లేదని నేను రైతులకి చెప్పాను. గుర్తుందా?”

“గుర్తుందండి.”

“శనివారం మధ్యాహ్నం కూర్చుందాం. ఈ వారం బుక్కూ, ఈ వారం గీతలూ. కలవకపోతే మీరు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి.”

బాబాయ్ తలూపి వెళ్లిపోయాడు. ఆ వయసులో ఇంకో కంప్రెసరు దగ్గర ఆయన్ని ఎవరూ పెట్టుకోరు. ఆయన ఇంటికి ఆ జీతం ఒక్కటే. అది మా అందరికీ తెలుసు, షావుకారు గారికి కూడా. ఆ రెండో సెన్సరు అడిగి తెచ్చింది నేను. గోడ థర్మామీటరు ఉన్నది కింద, ఎర్రగీత ఉన్నది పైన. నేను మూడు అడగకపోయుంటే ఆ ఎర్రగీతే లేదు.

నాకు తెలిసిన దారి ఒకటే. కంప్రెసర్ల షెడ్డుకి వెళ్లి ఆ హోరులో ఆయన చెవి దగ్గరగా చెప్పాను.

“బాబాయ్, గీతకి కొలబద్ద ఒకటుంటుంది. ఇప్పుడు పదిహేను దాకా ఉంది. దాన్ని యాభై దాకా పెంచేస్తే కొండలన్నీ అణిగిపోతాయి. గీత చాపలా పడుకుంటుంది. అది అబద్ధం కూడా కాదు.”

ఆయన నావైపు తిరిగాడు.

“మీ కొట్లో అలాగే చేస్తారా అమ్మా?”

“కొంచెం.”

“వద్దులే. నీ దగ్గర థర్మామీటరు ఉందిగా, గోతంలోకి గుచ్చేది? అది తీసుకుని లోపలికి రా. ఆ స్వెట్టరు వేసుకో.”

ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా నేను చాంబరు లోపల పైదాకా ఎప్పుడూ ఎక్కలేదు. గుమ్మం దగ్గర తల పెట్టి తుమ్మి వచ్చేసేదాన్ని. ఆ రోజు తలుపు వెనక మూసుకున్నాక, టార్చి వెలుగులో ముందు నా ఊపిరే కనిపించింది. తర్వాత టిక్కీలు. అర మీద అర, పైకి చూస్తే వెలుగు అందలేదు. ఘాటు గొంతు పట్టుకుంది గానీ దగ్గు రాలేదు, చలికి అది కూడా ముడుచుకుపోయింది. ఎక్కడో పైన మంచు కట్టిన పైపులనుంచి ఒక్కో చుక్క పడుతోంది. ప్రతి గోతం మీదా రంగుతో ఒక ఊరి గుర్తు, ఒక మనిషి గుర్తు. ఇన్ని చేలు ఒక గదిలో, చీకట్లో, నోరెత్తకుండా కూర్చున్నాయి. మా అమ్మ గుళ్లో ఎందుకు గొంతు తగ్గించేదో నాకు అక్కడ తెలిసింది. చెప్పులు విప్పాలనిపించింది. చలి గనక విప్పలేదు.

బాబాయ్ చెక్క మెట్లెక్కుతూ ఒక్కో చోట ఆగి, రెండు టిక్కీల మధ్య సందులోకి చెయ్యి దూర్చేవాడు. కళ్లు మూసుకునేవాడు.

“ఇది వచ్చి పది రోజులయింది. గుచ్చి చూడు.”

గుచ్చాను. ఆరు.

“ఇది సోమవారం దిగింది.”

పదకొండు.

“ఇది నిన్నటిది. దీనికి చేలో ఎండ ఇంకా వదల్లేదు.”

ఇరవై రెండు. నా చెయ్యి కూడా దూర్చాను. ఆ చలిలో, ఆ గోతం లోపల, నిద్రపోతున్న పిల్ల పొట్ట మీద చెయ్యి వేసినట్టుంది. కిందికి దిగాక గేటు పుస్తకంతో సరిచూశాను. ఒక్క రోజు కూడా తప్పు చెప్పలేదు.

పైన, పైకప్పుకి దగ్గరగా, నా బేరం సెన్సరు వేలాడుతోంది. అక్కడ ఎనిమిది. నేల దగ్గర అయిదు.

“చూశావుగా,” అన్నాడు. “ఈ గదికి ఒక అంకె లేదమ్మా. బుక్కులో గడి ఒకటే ఉంది. తలుపు దగ్గర ఉన్నది వేశాను. అది కూడా, దాచేదేముంది, పూటకోసారి చూసి నాలుగు గంటలవీ ఒకేసారి వేసేవాణ్ణి. అది తప్పే.”

“మరి కాయ చెడిపోతోందని మీకెలా తెలుస్తుంది?”

“ఎంత ఉందని చూడను. దిగుతోందా లేదా చూస్తాను. తలుపు తీస్తే లేస్తుంది, లేవనీ. కొత్త సరుకు వస్తే లేస్తుంది, లేవనీ. తలుపు మూశాక అరగంటలో దిగడం మొదలెట్టాలి. మొదలెట్టలేదంటే ఎక్కడో ఏదో అయింది. అప్పుడు పరిగెత్తాలి. కిందటేడు కాయ పోయిన ఆ మూడు రోజులు నేను జ్వరంతో ఇంట్లో ఉన్నాను. నా బదులు కూర్చున్నతను ఎంత ఉందో చూసి ఊరుకున్నాడు.”

నా చేతిలో కాగితం ఉంది. రాసుకుంటూ, నోరు ఊరుకోక, “అరగంటంటే... ఇరవై అయిదు నిమిషాలు పెడదామా?” అన్నాను.

“అరగంట అన్నాను కదమ్మా.”

“నలభై?”

ఆయన చలికి ఎర్రబడ్డ చెయ్యి చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. అంతకన్నా పైకీ లేదు, కిందికీ లేదు. ఒక మనిషి మొదటిసారే అసలు మాట చెప్పడం, అదే చివరి మాట కూడా కావడం నేను అంతకుముందు చూడలేదు.  అరగంట అని రాసుకున్నాను.

“మరి మొదట నాతో ఏడన్నారేం?”

“నిజానికి ఎనిమిది. నేను ఎనిమిదంటే నువ్వు పది పెడతావని.”

ఆఫీసుకొచ్చి ఇంజనీరుకి ఫోను చేశాను. ఎంత ఉందని కాదండీ, దిగడం లేదంటే మోగాలి, అలా పెట్టొచ్చా అని అడిగాను. 

“ఉంది మేడమ్. లోపల ఇంకో పేజీలో ఉంటుంది. ఎవరూ వాడరు. మీకెవరు చెప్పారు?”

“మా బాబాయ్.”

“ఏ కంపెనీలో చేస్తారు?”

“ఇక్కడే,” అన్నాను.

ఆయన చెప్తుంటే నాలుగు చాంబర్లకీ గడులు నింపాను. తలుపు తీసింది కంప్యూటరుకి తెలీదు గనక, గీత లేచి నిలబడిన దగ్గరనుంచి అరగంట. కింది గీతకి వేరే, పై గీతకి వేరే. ఎనిమిది దాటి దిగకపోతే ముగ్గురికీ. ప్రతి గడిలో బాబాయ్ చెప్పిందే వేశాను. చెయ్యి రెండు మూడుసార్లు తనంతట తాను ఒకటి కలపబోయింది. వెనక్కి లాక్కున్నాను.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. షావుకారు గారు, బాబాయ్, నేను. బల్ల మీద బుక్కు, ఎదురుగా తెర. నేను కొలబద్ద ముట్టుకోలేదు.

షావుకారు గారు ఏమీ దాటెయ్యకుండా చూశారు. బాబాయ్ అడిగినదానికల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఒకేసారి వేసిన అంకెలని చెప్పాడు. పదకొండింటి బుడిపె మీద వేలు పెట్టి “ఇదేంటి?” అంటే, ఆడవాళ్ల చేతులు మండుతుంటే తలుపు తీశానని చెప్పాడు.

“రోజూనా?”

“ఎండలు ముదిరినప్పటినుంచి రోజూ. అయిదు నిమిషాలు.”

షావుకారు గారు తెరమీద బుడిపెని దగ్గరగా చూశారు. అయిదు నిమిషాలే. దానిమీద ఇంకేం అడగలేదు. బుక్కు మాత్రం మూసేశారు. ఆ మూసిన తీరు నాకు నచ్చలేదు.

“కలవలేదు సాయిబు గారూ.”

“కలవదండి,” అన్నాడు బాబాయ్.

నేను నోరు తెరిచాను. ఈ సీజను దాకా ఉంచండి అని మొదలెట్టి, రెండేళ్లకి ఒప్పించాలని నా ఆలోచన. అప్పుడు మూడు ఫోన్లూ ఒకేసారి మోగాయి. బాబాయ్‌కి ఇంగ్లీషు రాదు. నాది తీసి చదివాను. రెండో చాంబరు. పైన. అరగంటగా దిగడం లేదు.

నేను లేచాను. షావుకారు గారు లేవలేదు. బాబాయ్ కూడా లేవలేదు, తెరవైపు వంగాడు. ఇన్నాళ్లూ ఆయన ఆ తెరని దూరంనుంచే చూసి వెళ్లిపోయేవాడు.

“రెండోది చూపించమ్మా.”

చూపించాను. నీలం గీత మెల్లగా దిగుతోంది. ఎర్రది తొమ్మిది మీద ఆగిపోయి ఉంది. ఆయన ఆ గీత మీద అరచెయ్యి పెట్టాడు, టిక్కీల మధ్య పెట్టినట్టే. తీసేశాడు.

“పై తలుపు పూర్తిగా పడలేదు. జానెడు సందుంది.”

“ఇక్కడ కూర్చుని ఎలా చెప్తున్నారు?” అన్నారు షావుకారు గారు.

“కింద తలుపయితే చలి నేలమీదనుంచి కారిపోతుంది, ముందు కింది గీత లేవాలి. అది దిగుతోంది. కంప్రెసరయితే రెండూ లేవాలి. పైది ఒక్కటే ఆగింది. మొత్తం తెరిచుంటే ఇంకా లేచేది. ఆగింది, లేవలేదు. అంటే సందు చిన్నది.” షావుకారు గారి వైపు తిరిగి, “ఏదో అడ్డం పడుంటుంది. ఎవరినైనా పంపండి, చల్లదనం పోతోంది,” అన్నాడు.

షావుకారు గారు కిటికీలోంచి హమాలీల మేస్త్రీని కేకేశారు.

“ఒరేయ్, ఆ పైన తలుపులో పెట్టిన గోతం తీసేయ్ ఇంక.”

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కూర్చునే ముందు ఆయనే మేస్త్రీకి చెప్పి, ఖాళీ గోతం చుట్టి పై తలుపులో పెట్టించి వచ్చారు.

“అలా చూస్తావేంటమ్మా,” అన్నారు నాతో. “మచ్చు చూడకుండా సరుకు తీసుకుంటానా? మిషను చూద్దామనుకున్నాను. మోగకపోతే దాన్ని హైదరాబాదు పంపేద్దామని. మోగితే ఈయన్ని ఇంటికి పంపేద్దామని.” తర్వాత గొంతు తగ్గించి అడిగారు. “ఈ అరగంట రూలు ఎవరు పెట్టారు? మనం పది డిగ్రీలు, రెండు గంటలు అనుకున్నాం కదా?”

“నేనే పెట్టాను. సాయిబు గారు చెప్పింది చెప్పినట్టు పెట్టాను.”

“ఏమీ కలపకుండానా?”

“ఏమీ కలపకుండానే.”

ఆయన నన్ను నమ్మడానికి కొంచెం కష్టపడ్డారు. మా నాన్న ఆయనకి బాగా తెలుసు. తర్వాత బాబాయ్ వైపు తిరిగారు. తెరమీద ఎర్రగీత అప్పుడే ఒక వెంట్రుకంత కిందికి వంగింది. ముగ్గురం దాన్నే చూస్తున్నాం. ఏళ్ల తరబడి ఒక మనిషి అరచేతిలో ఉన్నది, ఒక గీతలోకి వచ్చి, గీతలోంచి మా ముగ్గురి జేబుల్లోకి వచ్చి మోగింది. అది మోగినప్పుడు దాని అర్థం చదవడానికి మళ్లీ ఆ అరచెయ్యే కావాల్సి వచ్చింది. నాకు ఇదంతా అప్పుడు ఇంత వివరంగా తోచలేదు. ఆ ఎర్రగీత వంగడం మాత్రం గుర్తుంది.

“ఆ బుక్కు ఇంక అక్కర్లేదు,” అన్నారు షావుకారు గారు చివరికి. “మిషను రాసుకుంటుందిగా. మీరు గీతలు చూడండి, చాంబర్లు చూడండి. ఏ చాంబరుకి ఎన్ని నిమిషాలో అమ్మాయికి చెప్పండి.”

బాబాయ్ బల్ల మీది బుక్కు తీసి చంకలో పెట్టుకున్నాడు.

“ఇది నా దగ్గరే ఉండనీండి. ఈసారి సరిగ్గా రాస్తాను. నిమిషాలు ఇప్పుడే చెప్పలేను, లోపలికెళ్లి చూడాలి.”

సోమవారం మధ్యాహ్నం ఆ బుక్కు నా బల్ల మీదికొచ్చింది. ఒక్క గంట కోసం ఉన్న ఒక్క గడిలో సన్నటి అక్షరాలతో మూడు అంకెలు ఇరికించి ఉన్నాయి. కింద అయిదు, మధ్య ఆరున్నర, పైన ఎనిమిది. మార్జినులో, కొత్త సరుకులో పంతొమ్మిది అని ఇంకొకటి. పక్కన ఎప్పటిలాగే సంతకం.